బరువు అడిగితే మడత గురించి చెప్పే యంత్రం

(అనంతపురంలో బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ పీజీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. బోర్డు మీద రెండు అంకెలు రాస్తున్నాను, మీరూ రాసుకోండి. 2196.9, 1952.9. మయోగ్లోబిన్ అంటే కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్. గుర్రం మయోగ్లోబిన్‌ను అమ్మోనియం అసిటేట్ ద్రావణంలోంచి ఎలక్ట్రోస్ప్రే చేస్తే, అంటే ఛార్జి ఎక్కించిన సన్నని బొట్లుగా చిమ్మి మాస్ స్పెక్ట్రోమీటర్ అనే బరువు కొలిచే యంత్రంలోకి పంపితే, స్పెక్ట్రంలో పక్కపక్కన వచ్చే రెండు పెద్ద పీకులు, అంటే శిఖరాలు, ఇవి. ప్రొటీన్ బరువెంత, మడతలో ఉందా విడిపోయిందా, లోపల హీమ్ అనే ఇనుమున్న చిన్న అణువు ఉందా ఊడిపోయిందా అనే మూడు ప్రశ్నలకూ ఈ రెండు అంకెలే జవాబు చెబుతాయి. ముందు ఆ లెక్క చేద్దాం.

యంత్రం కొలిచేది అసలు బరువును కాదు, బరువును ఛార్జితో భాగిస్తే వచ్చే విలువను. దాన్నే ఎం బై జెడ్ అంటాం. ఎలక్ట్రోస్ప్రేలో ఒకే ప్రొటీన్ మీద వేర్వేరు సంఖ్యలో ప్రోటాన్లు చేరతాయి, కాబట్టి ఒక్క ప్రొటీన్‌కే వరసగా చాలా పీకులు వస్తాయి. పక్కపక్క పీకుల మధ్య తేడా ఒక్క ప్రోటాన్. చిన్న అంకెలోంచి 1 తీసేసి, రెండు అంకెల మధ్య తేడాతో భాగించండి. 1951.9ని 244తో భాగిస్తే 8. అంటే 2196.9 దగ్గరున్న పీకు మీద 8 ఛార్జీలు. 2196.9లోంచి ప్రోటాన్ బరువు తీసేసి 8తో గుణిస్తే 17,567 డాల్టన్లు. డాల్టన్ అంటే అణువుల బరువుకు కొలమానం, సుమారుగా ఒక హైడ్రోజన్ బరువు. మయోగ్లోబిన్ గొలుసు ఒక్కదాని బరువు 16,951. తేడా 616, అదే హీమ్ బరువు. హీమ్ ఇక్కడ సమయోజనీయ బంధంతో కట్టేసి లేదు. ప్రొటీన్ జేబులో ఇరుక్కుని ఉంటుంది, ఒక హిస్టిడిన్ ఇనుమును పట్టుకుని ఉంటుంది. గాలిలోకి ఎగిరాక కూడా ఊడలేదంటే జేబు చెదరలేదన్నమాట.

అదే ప్రొటీన్‌ను సగం అసిటోనైట్రైల్, 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీళ్లలోంచి స్ప్రే చేస్తే బొమ్మంతా మారిపోతుంది. 700 నుంచి 1700 మధ్యలో పదికి పైగా పీకులు దువ్వెన పళ్లలా వస్తాయి. బరువు లెక్కేస్తే 16,951. హీమ్ విడిగా 616 దగ్గర కనిపిస్తుంది. ఛార్జీలు పది నుంచి ఇరవై దాటిపోతాయి.

ఎందుకిలా? మడతలో ఉన్న ప్రొటీన్ చిన్న బంతిలా ఉంటుంది. దాన్ని మోసుకొచ్చిన నీటిబొట్టు ఆరిపోతూ బంతి సైజుకు వచ్చేసరికి ఆ బొట్టు ఎన్ని ఛార్జీలు నిలుపుకోగలదో అన్నే ప్రొటీన్‌కు మిగులుతాయి. ఇది రేలీ హద్దు. గోళాకార ప్రొటీన్లకు బరువు వర్గమూలాన్ని 0.078తో గుణిస్తే ఆ హద్దు సుమారుగా వస్తుంది. మయోగ్లోబిన్‌కు పది, చూసేది ఎనిమిది, తొమ్మిది. విప్పుకున్న గొలుసు తీరు వేరు. అది బొట్టులోంచి పొడుగ్గా బయటికి సాగుతూ దారిలో ప్రోటాన్లు ఎక్కించుకుంటుంది. 1990లో చౌధురి, కట్టా, చైట్ ముగ్గురూ సైటోక్రోమ్ సి మీద పీహెచ్ మార్చుతూ ఈ సంగతి చూపించారు. ఎలక్ట్రోస్ప్రేకు జాన్ ఫెన్‌కు, మెత్తని లేజర్ డీసార్ప్షన్‌కు కోయిచి తనాకాకు నోబెల్ వచ్చింది 2002లో.

ఒక హెచ్చరిక. ఛార్జీల సంఖ్య చెప్పేది ప్రొటీన్ ఎంత ముడుచుకుని ఉందనే సంగతే. అందులో ఆల్ఫా హెలిక్స్ ఉందా, బీటా షీట్ ఉందా అన్నది చెప్పదు. ద్రావణిలో ఒక శాతం మెటా నైట్రోబెంజైల్ ఆల్కహాల్ వేసినా ఛార్జీలు పెరుగుతాయి. అది చూసి ప్రొటీన్ ద్రావణంలోనే విప్పుకుందని రాసేసిన వాళ్లున్నారు. ఛార్జీ బొమ్మ మారితే, సర్క్యులర్ డైక్రోయిజం, అంటే సీడీ స్పెక్ట్రం గానీ ట్రిప్టోఫాన్ ఫ్లోరెసెన్స్ గానీ అదే మాట చెబుతోందా లేదా చూడకుండా నిర్ణయానికి రాకండి.

ఈ యంత్రానికి ఆకారం కనబడదు. ఆకారం గురించి తెలుసుకోవాలంటే మన ప్రశ్నను ముందు బరువుగా మార్చాలి. ఆ మార్చే పని టెస్ట్ ట్యూబులో, మన చేతుల మీదుగా జరుగుతుంది. అక్కడ తప్పు జరిగితే పదికోట్ల యంత్రం కూడా ఆ తప్పునే నాలుగు దశాంశ స్థానాల వరకు కొలిచి ఇస్తుంది.

మన జిల్లా కాలేజీ ల్యాబులో మొదలుపెట్టగలిగిన ప్రయోగం ఒకటి చెబుతాను. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ తీసుకోండి. 129 అమైనో ఆమ్లాలు, 14,305 డాల్టన్లు, 8 సిస్టీన్లు, అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, అవి జతకట్టి 4 డైసల్ఫైడ్ బంధాలు. అన్ని బంధాలూ విప్పేసి మళ్లీ మడతపడనిస్తే బంధాలు ఒక్కొక్కటిగా ఎలా ఏర్పడతాయి? ఏ క్షణంలో ఎన్ని ఏర్పడ్డాయో బరువులో చూడొచ్చు.

లీటరుకు 10 గ్రాముల ప్రొటీన్, మడత విప్పడానికి 6 మోలార్ గ్వానిడీన్, పీహెచ్ 8.5, డైసల్ఫైడ్ బంధాలు తెంచడానికి 50 మిల్లీమోలార్ డీటీటీ, 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు. తర్వాత లవణాలు తీసేసే డీసాల్టింగ్ కాలమ్ మీద 0.1 శాతం ఎసిటిక్ ఆమ్లంలోకి మార్చండి. ఆమ్లంలో సిస్టీన్లు మళ్లీ జతకట్టవు. మడతపడటం మొదలుపెట్టడానికి పీహెచ్ 8 బఫర్‌లోకి వంద రెట్లు పల్చన చేయండి. అందులో డైసల్ఫైడ్ బంధాలు ఏర్పడటానికి, మారడానికి తోడ్పడే రెడ్యూస్డ్ గ్లుటాథయోన్, ఆక్సిడైజ్డ్ గ్లుటాథయోన్ ఐదుకు ఒకటి చొప్పున ఉండాలి. ప్రొటీన్‌ను మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటనివ్వకండి. దాటితే సగం మడతలో ఉన్న అణువులు ఒకదానికొకటి అంటుకుని తెల్లగా గడ్డకట్టేస్తాయి.

ఇక అరనిమిషం, 2, 5, 15, 60 నిమిషాల దగ్గర కొంచెం కొంచెం బయటికి తీసి, 100 మిల్లీమోలార్ అయ్యేటట్టు అయడో అసిటమైడ్ కలిపి చీకట్లో రెండు నిమిషాలు ఉంచి, ఫార్మిక్ ఆమ్లంతో పీహెచ్ 3 కిందికి దించేయండి. ఇంకా జతకట్టని ప్రతి సిస్టీన్‌కూ 57 డాల్టన్ల బరువు ఎక్కుతుంది, బంధం లేనందువల్ల ఒక హైడ్రోజన్ ఎలాగూ ఉంది, మొత్తం 58. ఒక్క బంధమూ ఏర్పడకపోతే 14,305 కంటే 464 ఎక్కువ. ఒక బంధం ఏర్పడితే 348. రెండైతే 232, మూడైతే 116. నాలుగూ ఏర్పడితే సున్నా. మెట్టుకు 116 చొప్పున ఐదు పీకులు. ఏది ఎప్పుడు పెరిగింది, ఏది తరిగింది గీసుకుంటే చాలు.

ఇందులో చెడేవి చాలానే ఉన్నాయి. గ్లుటాథయోన్ వచ్చి సిస్టీన్‌కు అతుక్కుంటే 305 ఎక్కువ కనిపిస్తుంది. అది తప్పు కాదు, మడతలో అదొక మజిలీ. 16 ఎక్కువ ఉంటే మెథియోనిన్ ఆక్సీకరణ. 22 చొప్పున మెట్లుంటే సోడియం, డీసాల్టింగ్ సరిగా కాలేదని అర్థం. గ్వానిడీన్ బదులు యూరియా వాడితే 43 కోసం కాచుకోండి. యూరియా నిల్వ ఉన్నకొద్దీ సయనేట్‌గా మారి లైసిన్‌లకు, గొలుసు మొదటి అమైన్‌కు అతుక్కుంటుంది, వేడికి ఇంకా త్వరగా. ఏప్రిల్‌లో మన ల్యాబు బల్ల మీద రెండు రోజులున్న యూరియా ద్రావణం పారబోయడానికే పనికొస్తుంది. అయడో అసిటమైడ్‌ను గంటల తరబడి వదిలేస్తే సిస్టీన్లు అయిపోయాక లైసిన్‌ల మీద పడుతుంది. అప్పుడు ఎక్కువలో ఎక్కువ 464 ఉండాల్సింది 521 అవుతుంది. 464 దాటిన పీకు కనిపిస్తే, అది గ్లుటాథయోన్ కాకపోతే, మీ ఆల్కైలేషన్ సమయాన్ని, అంటే అయడో అసిటమైడ్‌తో ఉంచిన సమయాన్ని, అనుమానించండి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ రెండు నిమిషాల్లో కూడా బంధాలు ఒకదాంతో ఒకటి మార్చుకుంటూనే ఉంటాయి. ఎన్ ఇథైల్ మాలిమైడ్ వాడితే ఇంకా త్వరగా పట్టేస్తుంది, సిస్టీన్‌కు 125 చొప్పున. కానీ దాని వలయం నీళ్లతో తెరుచుకుంటే ఇంకో 18 ఎక్కుతుంది. ఏది వాడినా పూర్తిగా రెడ్యూస్ చేసిన శాంపిల్, అసలు రెడ్యూస్ చేయని శాంపిల్ రెండూ పక్కనే నడపాలి.

బంధాలు లేని ప్రొటీన్ల సంగతి? వాటికి హైడ్రోజన్, డ్యుటీరియం మార్పిడి. డ్యుటీరియం అంటే బరువైన హైడ్రోజన్, అది ఉన్న నీళ్లే భారజలం. మడతపెట్టిన పంచెను రంగునీళ్లలో ముంచితే పైమడతలకు వెంటనే రంగు పడుతుంది, లోపలి మడతలకు పట్టడానికి సమయం కావాలి. ప్రొటీన్‌ను భారజలంలో ముంచడమూ అంతే. ప్రొటీన్ గొలుసు వెన్నెముకలోని ప్రతి అమైడ్ హైడ్రోజన్, నీటికి అందుబాటులో ఉంటే, హైడ్రోజన్ బంధంలో ఇరుక్కుని లేకపోతే, డ్యుటీరియంగా మారుతుంది. మారిన ప్రతిచోటా దాదాపు ఒక డాల్టన్ పెరుగుతుంది. ప్రోలిన్‌కు అమైడ్ హైడ్రోజన్ ఉండదు, లెక్కలోంచి తీసేయండి. భారజలం ఖరీదైనదే గానీ దొరకనిది కాదు, తెలుగునేలలోనే మణుగూరులో దాని కర్మాగారం ఉంది.

20 నుంచి 50 మైక్రోమోలార్ ప్రొటీన్ 5 మైక్రోలీటర్లు, భారజలంతో చేసిన బఫర్ 95 మైక్రోలీటర్లు. పీహెచ్ మీటరు భారజలంలో చూపించే అంకెకు 0.4 కలిపితే అసలు విలువ. 10 సెకన్లు, 1 నిమిషం, 10 నిమిషాలు, 1 గంట, 4 గంటలు. ప్రతి సమయం దగ్గరా అంతే పరిమాణంలో మంచులో ఉంచిన ఆమ్ల బఫర్ కలిపితే పీహెచ్ 2.5కి రావాలి. వస్తుందో లేదో ముందే ప్రొటీన్ లేకుండా కలిపి కొలిచి చూసుకోండి. పీహెచ్ 7 నుంచి 2.5కి దిగితే మార్పిడి వేగం సుమారు పదివేల రెట్లు తగ్గుతుంది. 25 డిగ్రీల నుంచి సున్నాకు చల్లబరిస్తే ఇంకో పది రెట్లకు పైగా తగ్గుతుంది. అప్పుడు మన చేతిలో ఉండేది గంట అటూ ఇటూ. ఈలోపు పెప్సిన్ అనే ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌తో ముక్కలు చేసి, మంచులో పెట్టిన కాలమ్ మీద అయిదు పది నిమిషాల గ్రేడియెంట్‌లో వేరుచేసి, యంత్రంలోకి పంపాలి. పెప్సినే ఎందుకంటే ట్రిప్సిన్ ఈ ఆమ్లంలో పనిచేయదు. పెప్సిన్ ఎక్కడ కోస్తుందో ముందే చెప్పలేం కాబట్టి డ్యుటీరియం లేని శాంపిల్‌తో ముక్కల పటం ముందే గీసుకోవాలి.

భారజలంలోంచి మళ్లీ మామూలు నీళ్లలోకి వచ్చాం గదా, ఎక్కిన డ్యుటీరియం కొంత దిగిపోతుంది. బాగా చేసిన ప్రయోగంలో కూడా నాలుగో వంతు, మూడో వంతు పోవడం మామూలే. అందుకే ఒక్క శాంపిల్ అంకెను నమ్మొద్దు. మందు కలిపిన ప్రొటీన్, కలపని ప్రొటీన్, లేదా మామూలు రకం, మ్యుటేషన్ ఉన్న రకం, రెండింటినీ ఒకేరోజు ఒకే పద్ధతిలో నడిపి తేడా చూడండి. నష్టం రెండింటికీ ఒకటే కాబట్టి తేడా నిలబడుతుంది.

మన ఊరి ఎండల గురించి ఒక మాట. లేబులింగ్‌ను, అంటే భారజలంలో ముంచడాన్ని, బల్ల మీద చేయొద్దు, వాటర్ బాత్‌లోనే చేయాలి. 25 డిగ్రీలకూ 38 డిగ్రీలకూ మార్పిడి వేగంలో మూడు రెట్ల తేడా ఉంటుంది. జనవరిలో చేసినదీ మేలో చేసినదీ పోల్చి చూస్తే, మడత వదులైందని కనిపించేది ఉత్త ఉష్ణోగ్రత కావచ్చు.

స్పెక్ట్రంలో ఒక ముక్క పీకు నెమ్మదిగా కుడికి జరిగితే, మడత క్షణక్షణం తెరుచుకుని మూసుకుంటోందని, తెరిచిన ప్రతిసారీ మార్పిడి జరగకముందే మూసుకుపోతోందని అర్థం. దీన్ని ఈఎక్స్2 అంటారు. అలా కాకుండా తేలికది ఒకటి, బరువైనది ఒకటిగా రెండు గుంపులు కనిపించి మొదటిది తరిగి రెండోది పెరిగితే, ఒకసారి తెరుచుకున్న భాగం పూర్తిగా డ్యుటీరియం ఎక్కేదాకా తెరిచే ఉందన్నమాట, అది ఈఎక్స్1. సగటు తీసి ఒక్క అంకెగా రాసేస్తే ఈ తేడా పోతుంది. 1993లో క్యారొల్ రాబిన్సన్, మిరాంకర్, డాబ్సన్ బృందం లైసోజైమ్ మడతపడే దారిలో వేర్వేరు గుంపుల అణువులు ఉంటాయని చూపించింది ఈ గుంపుల ఆధారంతోనే. ఇలా గుంపులను విడదీసి చూపడం అయస్కాంత క్షేత్రంలో అణువులను చూసే ఎన్ఎంఆర్‌కు కష్టం, అది అందరి సగటునే చూపిస్తుంది.

ఇప్పుడు కూడిక. ప్రొటీన్లు జతలుగా, నాలుగుగా, పద్నాలుగుగా కలిసి పనిచేస్తాయి. హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసు 15,126, బీటా గొలుసు 15,867, హీమ్ 616. రెండు ఆల్ఫా, రెండు బీటా, నాలుగు హీమ్‌లు కలిపితే సుమారు 64,450. నేటివ్ స్పెక్ట్రంలో, అంటే మడత, కూడిక చెదరకుండా తీసిన స్పెక్ట్రంలో, 3582, 3792, 4029 దగ్గర మూడు పీకులు, 18, 17, 16 ఛార్జీలు. రేలీ లెక్క 20 దగ్గరకు వస్తుంది, సరిపోయింది. సికిల్ సెల్‌లో బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామేట్ పోయి వేలీన్ వస్తుంది, గొలుసుకు 30 డాల్టన్లు తగ్గుతాయి.

నేటివ్ ప్రయోగంలో తొంభై శాతం బఫర్ మార్పిడే. ట్రిస్, ఫాస్ఫేట్, ఉప్పు, గ్లిసరాల్ ఏవీ ఆవిరి కావు, ప్రొటీన్‌కు అంటుకుని పీకును కొండలా వెడల్పు చేస్తాయి. 150 నుంచి 200 మిల్లీమోలార్ అమ్మోనియం అసిటేట్‌లోకి కనీసం రెండుసార్లు మార్చండి. కాంప్లెక్స్, అంటే గొలుసుల కూడిక, గాఢత 1 నుంచి 10 మైక్రోమోలార్. బంగారుపూత పూసిన గాజు సూదిలో 2, 3 మైక్రోలీటర్లు, ఓల్టేజీ 1 నుంచి 1.5 కిలోవోల్టులు. ముందే సెంట్రిఫ్యూజ్ చేయకపోతే ఒక మైక్రాన్ మొన ఇట్టే పూడుకుపోతుంది. అమ్మోనియం అసిటేట్‌ను గాజు సీసాలో నిల్వ చేయకండి, గాజులోంచి సోడియం దిగుతుంది, ప్లాస్టిక్ మేలు. మన బోరునీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆర్‌ఓ నీళ్లు కూడా చాలవు, 18.2 మెగాఓమ్ నీళ్లే కావాలి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. అమ్మోనియం అసిటేట్ పీహెచ్ 7 దగ్గర బఫరే కాదు. దాని బలం 4.75 దగ్గర, 9.25 దగ్గర. బొట్టు ఆరేకొద్దీ పీహెచ్ దిగుతుంది. ఆమ్లానికి విడిపోయే కాంప్లెక్సులు ఆఖరి క్షణంలో విడిపోయి, ద్రావణంలోనే విడిగా ఉన్నట్టు కనిపిస్తాయి.

స్పెక్ట్రంలో ఒంటరి గొలుసులే వచ్చాయనుకోండి. మొదట సోర్స్, అంటే అయాన్లు యంత్రంలోకి దిగే చోట, శక్తి తగ్గించండి. ఢీకొట్టే ఓల్టేజీ ఎక్కువైతే కాంప్లెక్సులోంచి ఒక గొలుసు విప్పుకుంటూ బయటికొచ్చి, తన వంతుకు మించి ఛార్జీలు పట్టుకుపోతుంది. దాన్ని గుర్తుపట్టడం తేలిక, తక్కువ ఎం బై జెడ్ దగ్గర ఎక్కువ ఛార్జీలున్న ఒంటరి గొలుసు, ఎక్కువ ఎం బై జెడ్ దగ్గర ఛార్జీలు పోగొట్టుకున్న మిగతా భాగం, రెండూ జంటగా కనిపిస్తాయి. మరీ తగ్గిస్తే నీళ్లు, లవణాలు ఊడక పీకు మళ్లీ వెడల్పు. ఓల్టేజీని మెట్లు మెట్లుగా పెంచుతూ మధ్యలో ఎక్కడ బాగుందో చూసుకోవాలి.

దీనికి తిరగేసిన తప్పు, లేని జతలు కనిపించడం. గాఢత ఎక్కువైతే ఒకే బొట్టులో రెండు అణువులు చిక్కి, ఆరాక అతుక్కుని జతలా కనిపిస్తాయి. పల్చన చేసి చూడండి. అయితే నిజమైన జత కూడా పల్చన చేస్తే విడిపోవచ్చు కదా. అందుకని దాదాపు అదే సైజున్న, దీనితో సంబంధం లేని ఇంకో ప్రొటీన్‌ను కలపండి. దానితో కూడా జతకట్టిందంటే మీరు చూస్తున్నది బొట్టు చేసిన పని. జిగటగా అతుక్కునే నీటివిముఖ సంబంధాలు గాలిలో బలహీనపడతాయి, ఛార్జీల మధ్య ఆకర్షణ బలపడుతుంది. కాబట్టి పీకుల ఎత్తు చూసి బంధన స్థిరాంకం రాసేయడం నాకు నచ్చదు. రాసేవాళ్లు వేరే పద్ధతితో కూడా కొలిచి పక్కన పెట్టాలి.

మరీ పెద్ద కాంప్లెక్సులకు మామూలు యంత్రం చాలదు. గ్రోఎల్ అనే షాపరోన్, అంటే వేరే ప్రొటీన్లు మడతపడటానికి సాయపడే ప్రొటీన్, 14 గొలుసుల కూడిక, దాదాపు 8 లక్షల డాల్టన్లు, పీకులు ఎం బై జెడ్ 12,000 చుట్టూ వస్తాయి. చాలా ల్యాబుల్లోని క్వాడ్రుపోల్, అంటే అయాన్లను వడపోసే భాగం, 4,000 దాటి పంపదు. యంత్రం బుక్ చేసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. అయాన్ మొబిలిటీ, క్రాస్‌లింకింగ్ గురించి ఒక్కో వాక్యం చాలు. మొదటిది అయాన్‌ను వాయువులోంచి నడిపి ఎంత ముడుచుకుని ఉందో సమయంతో కొలుస్తుంది, రెండోది దగ్గర్లో ఉన్న రెండు లైసిన్‌లను కట్టేసి ఏది దేనికి పొరుగో చెబుతుంది.

మన పంట మీదికి వద్దాం. వేరుశనగ గింజలో నాలుగో వంతు ప్రొటీనే. అందులో అరాచిన్ ఆరు గొలుసుల జతల కూడిక, మూడున్నర లక్షల డాల్టన్ల చుట్టూ ఉంటుంది. కొనరాచిన్‌లో ముఖ్యమైనది మూడు గొలుసుల కూడిక. ఉప్పు తక్కువైతే అరాచిన్ సగానికి విడిపోతుంది, కాబట్టి హెక్సేన్‌తో నూనె తీసిన పిండి నుంచి అర మోలార్ ఉప్పుతో తీసి, కాస్త ఎక్కువ గాఢత అమ్మోనియం అసిటేట్‌లోకి, 400, 500 మిల్లీమోలార్, మార్చాల్సి వస్తుంది. ఒకే గింజలో చాలా రకాల గొలుసులుంటాయి, కొన్నిటికి చక్కెర అతుక్కుని ఉంటుంది, పీకులు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే ముందు గొలుసులను విడదీసి బరువులు పట్టిక వేసుకుని, తర్వాతే కూడిక జోలికి వెళ్లాలి. బుడ్డలు వేయిస్తే లైసిన్‌లకు చక్కెర ఎక్కి 162 చొప్పున బరువు పెరుగుతుంది. వేపుడు ఎలర్జీ ప్రొటీన్ల మడతను ఏం చేస్తుందన్నది అడగడానికి ఇంతకంటే మంచి చోటు ఏది?

ఇక ప్రశ్నలు.

"మేడమ్, ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆకారం చెప్పేస్తోంది గదా, ఇదంతా ఎందుకు?"

ఆల్ఫాఫోల్డ్ చెప్పేది చేరాల్సిన ఊరు. దారిలో ఎక్కడ ఆగింది, మీ ట్యూబులో ఎంత శాతం చేరింది, మందు వేస్తే ఏ భాగం బిగుసుకుంది అన్నవి కొలవాల్సిందే.

"మాకు దగ్గర్లో మాల్డీ ఒక్కటే ఉంది. దాంతో అవుతుందా?"

కూడిక చూడటానికి కాదు. మాల్డీలో శాంపిల్‌ను మ్యాట్రిక్స్ అనే పదార్థంతో కలిపి ఆరబెట్టి లేజర్‌తో ఎగరగొడతాం. ఆమ్లం, అసిటోనైట్రైల్ కలిపిన ఆ మ్యాట్రిక్స్ కాంప్లెక్సును చెదరగొడుతుంది. కానీ లైసోజైమ్ డైసల్ఫైడ్ ప్రయోగానికి నిక్షేపంగా సరిపోతుంది. 14,000 దగ్గర 116 మెట్టు లీనియర్ మోడ్‌లో కూడా విడిగా కనిపిస్తుంది. మ్యాట్రిక్స్‌గా సినాపినిక్ ఆమ్లం వాడండి, శాంపిల్‌ను సి4 గానీ సి18 గానీ టిప్‌తో కడిగి వేయండి.

"శాంపిల్ బెంగళూరుకో హైదరాబాదుకో పంపాలంటే ఎలా పంపాలి మేడమ్?"

డైసల్ఫైడ్ శాంపిళ్లయితే ఆమ్లంలో ఆపేశాక ఎండబెట్టి పంపండి, రాత్రి బస్సులో వెళ్లినా ఏమీ కాదు. డ్యుటీరియం శాంపిళ్లను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి డ్రై ఐస్‌లో పంపాలి. మూత వదులుగా ఉండకుండా పారాఫిల్మ్ గట్టిగా చుట్టండి. నేటివ్ శాంపిల్‌ను మాత్రం దాని సొంత నిల్వ బఫర్‌లోనే, చిన్న చిన్న వాటాలుగా, గడ్డకట్టించి తీసుకెళ్లండి. ఒక వాటాను ఒక్కసారే కరిగించాలి. అమ్మోనియం అసిటేట్‌లోకి మార్చడం అక్కడికెళ్లాక, యంత్రం ఖాళీ అయిందని చెప్పాక, అదే గంటలో చేసుకోండి.